మా రోజుల్లో చార్టు ఊరికే వేలాడేది కాదు

దిల్‌సుఖ్‌నగర్‌లో సాయంత్రంపూట ఏ జిరాక్స్ షాపు ముందు నిలబడ్డా ఒకటే తంతు. తల్లి చేతిలో ఫోను, పక్కన యూనిఫాం విప్పని పిల్లవాడు. "అన్నా, వాట్సాప్ చేసిన, చూడు. కలర్ తియ్యి, పెద్ద సైజు." మిషన్లోంచి నున్నటి కాగితం వెచ్చవెచ్చగా బయటికొస్తుంది. నెత్తిన "సంధులు" అని లావుపాటి అక్షరాలు, కింద రంగురంగుల గడులు, గడికీ గడికీ మధ్య బాణాలు, ఓ మూలన పళ్లికిలించే పెన్సిల్ బొమ్మ. రేపు తెలుగు పీరియడ్‌లో పెట్టాల్సిన ఇన్ఫోగ్రాఫిక్ అట. తల్లి ఫోన్‌పే కొడుతుంది, పిల్లవాడు కాగితం చుట్టుకుని స్కూటీ ఎక్కుతాడు. ఇంత వ్యవహారంలో ఒక్క సంధి చేసినవాడు లేడు, విడదీసినవాడు లేడు.

నేను హైస్కూల్లో తెలుగు పండితుడిగా చేసి రిటైరైనవాణ్ణి. నల్లగొండ వైపు నుంచి వచ్చి హైదరాబాద్ ఈ తూర్పు కొసనే, సరూర్‌నగర్, కొత్తపేట, ఎల్బీనగర్ చుట్టూ తిరుగుతూ సర్వీసంతా వెళ్లదీశాను. కాబట్టి సణగడం నాకు పెన్షన్‌తో పాటు శాంక్షనైన హక్కు. అయితే ఒక మాట. ముసలాయనకు బొమ్మలంటే పడదని మాత్రం అనుకోవద్దు. బొమ్మ లేకుండా భాష చెప్పిన పంతులు ఏ కాలంలోనూ లేడు. నా పేచీ బొమ్మతో కాదు, దాన్ని ఎవరు గీస్తున్నారు, గీశాక ఎవరు నోరు విప్పుతున్నారు అన్నదాంతో.

మా రోజుల్లో చార్టు అంటే ఒక పెద్ద పని. చార్ట్ పేపర్ కొనుక్కొచ్చి, చిరగకుండా వెనకాల పాత చీర ముక్క మైదాపిండి జిగురుతో అంటించి, పైనా కిందా బద్దలు కట్టి, ఇండియన్ ఇంకుతో గుణింతాలు రాసి ఆరబెట్టేవాళ్లం. తర్వాత 1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ అన్నారు. బడికి రెండు గదులు, ఇద్దరు సార్లు, ఒక పెట్టెడు బోధన సామగ్రి అన్నారు. పెట్టె వచ్చిన మాట నిజమే. నేను చూసినచోట మాత్రం హెడ్మాస్టరు గారు దానికి తాళం వేశారు. పటాలు చిరిగితే ఆడిట్‌లో ఎవరు జవాబు చెప్పాలని ఆయన బాధ. ఇన్‌స్పెక్షన్ రోజున బయటికి తీసి గోడకు తగిలించి, సాయంత్రానికి మళ్లీ లోపల. ఇంచుమించు అదే కాలంలో బ్రిటిష్ వాళ్ల సాయంతో ఆపెప్ ప్రాజెక్టు వచ్చింది. ప్రాథమిక బడుల సార్లను పోగేసి, దొరికిన వస్తువుతో పాఠం చెప్పండి, పిల్లలు చేసిందే గోడకు పెట్టండి అని శిక్షణ ఇచ్చారు. ఆ ఒక్కమాట నాకు నచ్చింది: పిల్లలు చేసిందే గోడకు. ఆ తర్వాత సర్వశిక్షా అభియాన్ వాళ్లు సామగ్రి కోసం టీచరుకు ఏడాదికి 500 రూపాయలిచ్చారు. వాటికి బిల్లులు తేవడమే ఒక పాఠం, అది వేరే సంగతి.

అసలు మీరు ఇవాళ ఇన్ఫోగ్రాఫిక్ అంటున్నది మా నోటుపుస్తకాల్లో పద్యం నెత్తిన ఎప్పటినుంచో కూర్చుని ఉంది. గణవిభజన అంటే ఏమిటి మరి? ఉత్పలమాల పాదం ఒకటి నల్లబల్ల మీద రాసి, "రాండ్రా ఒక్కొక్కడు" అనేవాణ్ణి. ఒకడొచ్చి గురువు మీద అడుగు గుండ్రంగా ఉన్న గుర్తు, లఘువు మీద నిలువు గీత పెట్టాలి. పెట్టాలంటే ముందు పలకాలి. దీర్ఘమైతే చూడగానే తెలిసిపోతుంది. ద్విత్వానికో సంయుక్తాక్షరానికో ముందున్న అక్షరం గురువైందని మాత్రం కంటికి తెలియదు, చెవికే తెలుస్తుంది. "అమ్మ అను. గట్టిగ అను. అ మీద బరువు పడ్డదా లేదా?" "పడ్డది సార్." "అయితే పెట్టు గురువు." అట్లా ఇరవై అక్షరాలూ దాటి నిలువుగీతలు కొడితే ఏడు గణాలు తేలేవి: భ, ర, న, భ, భ, ర, వ. పదో అక్షరం చుట్టూ సున్నా చుట్టి, మొదటి అక్షరంతో యతి కుదిరిందా లేదా అని క్లాసంతా కొట్లాట. గంట కొట్టేసరికి బల్ల నిండా బొమ్మే. ఆ బొమ్మలో ప్రతి గీతా ముందు ఒక నోట్లోంచి వచ్చింది.

ఇప్పుడు "ఛందస్సు ఒక్క చూపులో" అని పోస్టరు దొరుకుతుంది. నాలుగు వృత్తాలకు నాలుగు రంగులు. శార్దూలానికి పులి బొమ్మ, మత్తేభానికి ఏనుగు బొమ్మ. మా మనవడిని అడిగితే పులి గుర్తుంది, ఏనుగు గుర్తుంది. మసజసతతగ గుర్తులేదు, యతి పదమూడో అక్షరమని గుర్తులేదు. రిచర్డ్ మేయర్ అనే అమెరికా మనస్తత్వవేత్త ఇటువంటి వాటి మీద ఏళ్ల తరబడి ప్రయోగాలు చేశాడు. మాటకు బొమ్మ తోడైతే బాగా నేర్చుకుంటారు, కానీ పాఠానికి సంబంధం లేని సింగారం ఎంత తగ్గిస్తే అంత మంచిది అని ఆయన తేల్చిన సంగతి. పులి పాపం అందంగానే ఉంది. గణాలకు దానితో పనిలేదు, అంతే.

ఇది పెన్షనర్ల పార్కులో కూర్చుని నేను కనిపెట్టిన సిద్ధాంతం కూడా కాదు. కొమీనియస్ అనే మొరేవియా పంతులు 1658లో న్యూరెంబర్గ్‌లో పిల్లల కోసం ఒక బొమ్మల పుస్తకం అచ్చు వేయించాడు. పక్కపక్కనే లాటిన్, జర్మన్ భాషలు. బొమ్మలో ప్రతి వస్తువు మీద ఒక అంకె, కింద వాక్యంలో ఆ మాట దగ్గర అదే అంకె. పిల్లవాడి కన్ను బొమ్మకూ వాక్యానికీ మధ్య తిరుగుతూనే ఉండాలి. ఒట్టో న్యూరాత్ అనే వియన్నా ఆయన లెక్కల్ని బొమ్మల్లో చూపించే పద్ధతికి పెట్టింది పేరు. ఆయన 1937లో 850 మాటల బేసిక్ ఇంగ్లీషును ఆ బొమ్మలతో నేర్పే పుస్తకం వేశాడు. మన ఊళ్లోనే, 1958లో, ఇవాళ ఇఫ్లూ అంటున్న సంస్థ సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్ అనే పేరుతో మొదలైంది. మా బడి ఇంగ్లీషు సారు అక్కడ శిక్షణ పొంది వచ్చినవాడే. ఆయన బల్ల మీద అగ్గిపుల్లల మనిషిని ఒకణ్ణి గీసి, పక్కన ఒక స్తంభం పాతి, పైన గడియారం పెట్టేవాడు. అంతే బొమ్మ. వాడెవడు, ఎక్కడ నిలబడ్డాడు, ఎంతసేపట్నుంచి నిలబడ్డాడు, బస్సు ఎందుకు రాలేదు, వస్తే ఏం చేస్తాడు, రాకపోతే ఏం చేస్తాడు? ఒక్క సుద్దముక్క అరగకుండా కాలాలన్నీ ఇంగ్లీషులో చెప్పించేవాడు. ఆ బొమ్మకు ముఖం కూడా లేదు. లేకపోవడమే దాని సుగుణం. లేనిది పిల్లలు నింపాలి.

చందమామ పత్రిక వాళ్లకూ ఈ కిటుకు తెలుసు. వెనక పేజీల్లో రెండు ఫొటోలు వేసి, ఒకదానికొకటి జోడు కుదిరేలా వ్యాఖ్యలు రాసి కార్డు మీద పంపమనేవారు. బొమ్మ వాళ్లది, మాట మనది. ఆ రెండు ముక్కల కోసం ఇంటిల్లిపాదీ అన్నాలు తింటూ ఆలోచించేవాళ్లం. ప్రాస కుదిరితే అర్థం కుదరదు, అర్థం కుదిరితే కార్డు ఖర్చు గుర్తొచ్చి అమ్మ అడ్డం పడేది. ఎన్ని మాటలు వెతికేవాళ్లమో! ఇవాళ బొమ్మా వాళ్లదే, మాటా వాళ్లదే, ఆఖరికి "ముగింపు" అనే గడి కూడా వాళ్లే నింపి ఇస్తారు. పెళ్లి ఆల్బమ్ కోసం ముందు వడ్డించి ఫొటో తీసే విస్తరి లాంటిది: అన్నీ ఉంటాయి, తినేవాడు ఉండడు.

సెప్టెంబర్ 9న కవి కాళోజీ జయంతి. 2014 నుంచి తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుతున్నారు. ఆ రోజు ఎల్బీనగర్ వైపు ఒక ప్రైవేటు బడివాళ్లు నన్ను ఇన్ఫోగ్రాఫిక్ పోటీకి జడ్జీగా పిలిచారు. బడి పేరు మనకెందుకు. హాలంతా పోస్టర్లు. అన్నిట్లోనూ అదే ఫొటో. 1914 పక్కన కేకు బొమ్మ, 1992 పద్మవిభూషణ్ పక్కన పతకం బొమ్మ, "నా గొడవ" పక్కన పుస్తకం బొమ్మ, 2002 పక్కన దీపం. ఒక్క సంవత్సరం తప్పులేదు. ఒక ఎనిమిదో తరగతి అమ్మాయి తన పోస్టరు పక్కన చేతులు కట్టుకుని నిలబడింది.

"ఏం బిడ్డా, కాళోజీ గొడవ ఎవరితోని?"

"సార్, అది బుక్ పేరు సార్."

"బుక్ పేరే. గొడవ ఎవరితోని అంటున్న."

ఆ పిల్ల పోస్టరు వైపు చూసింది. అందులో లేదు. టీచరమ్మ వైపు చూసింది. ఆమె నా వైపు చూసి నవ్వింది. సరే, దారి మార్చాను. "మీ ఇంటికాడ ఎప్పుడన్న గొడవైందా?"

అంతే. కట్టుకున్న చేతులు విడిపోయాయి. వాటర్ ట్యాంకరు పొద్దున ఆరింటికి రావాల్సింది తొమ్మిదింటికి వచ్చిందట. పై పోర్షన్ ఆంటీ డ్రమ్ములు ముందే వరసకు పెట్టి, తాను పక్కకు జరిగి, "మా వంతే" అన్నదట. వీళ్ల నానమ్మ "డ్రమ్ములకు కాళ్లొచ్చినయా, నడిచొచ్చి లైన్ల నిలబడ్డయా?" అని నిలేసిందట. అమ్మాయి నానమ్మ గొంతు నానమ్మకు, ఆంటీ గొంతు ఆంటీకి పెట్టి మరీ చెప్పింది. ఎత్తిపొడుపు, సామెత, ఊపు, విరుపు అన్నీ పడ్డాయి. జనం నోట్లో ఉన్న భాషే భాష అని బతుకంతా వాదించిన కాళోజీ వింటే ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకునేవాడు. నేను ఇంకా అడుగుతుండగానే "టైమైంది సార్" అన్నారు. మొదటి బహుమతి కేకు బొమ్మ బాగా కుదిరిన పోస్టరుకు వెళ్లింది. మిగతా ఇద్దరు జడ్జీలు అటు మొగ్గారు.

నన్నడిగితే ఆ ట్యాంకరు గొడవే చార్టు కావాల్సింది. ఆరింటి దగ్గర ఒక గీత, తొమ్మిదింటి దగ్గర ఒక గీత, మధ్యలో ఎవరెవరు ఏమేం అన్నారు. చెప్తూ గీయాలి, గీస్తూ చెప్పాలి. కొత్తపేటలో గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ ఉన్న రోజుల్లో మేం చేసింది అదే. ఆ మార్కెట్ హమాలీల పిల్లలు, బండ్లవాళ్ల పిల్లలు మా క్లాసుల్లో ఉండేవాళ్లు. ఖాకీ కాగితం నేల మీద పరిచి, "బత్తాయి నల్లగొండ తోటలోంచి మీ ఇంటి గిన్నెలోకి ఎట్ల వస్తదో గీయండి" అన్నాను. లారీ, హమాలీ, కుప్ప, వేలంపాట, కాటా, కమీషన్, తోపుడుబండి. షరతు ఒక్కటే. బాణం ఉన్న ప్రతిచోటా ఒక క్రియ రాయాలి, ఒక విభక్తి ఉండాలి. లారీలోంచి దించుతరు. భుజం మీద మోస్తరు. కుప్ప పోస్తరు. పాట పాడుతరు. రాయలేని బాణాన్ని నేనే చెరిపేస్తా. కాటా ముందా, పాట ముందా అని ఇద్దరు కాలర్లు పట్టుకున్నారు. ఒకడు ఇంటికి పోయి నాయన్ను అడిగొచ్చాడు. "పాట పాడుతరు" అన్నచోట క్లాసు నవ్వింది, హమాలీ కొడుకు లేచి వేలం ఎట్లా పాడతారో గొంతెత్తి పాడి వినిపించాడు. వ్యాకరణం వాడికి నేను చెప్పలేదు, వాడి బాణాలే చెప్పాయి.

ఆ మార్కెట్ ఇప్పుడు లేదు. బాటసింగారానికి తరలిపోయింది, ఆ స్థలంలో పెద్దాసుపత్రి కడుతున్నారు. మార్కెట్ పోయిందని పిల్లల చుట్టూ గీయడానికి ఏమీ మిగల్లేదా? ఎల్బీనగర్ చౌరస్తాలో ఒక్క గంట నిలబడితే చాలు. విజయవాడ బస్సులు, సాగర్ బస్సులు, కింద అండర్‌పాస్, మీద ఫ్లైఓవర్, ఆ పక్కన మెట్రో. ఎవరు ఎక్కడికి, దేంట్లో, ఎందుకు? పదో తరగతి దాకా సరిపోయేంత భాష అక్కడ రోడ్డు మీద నడుస్తోంది. పిల్లలకు మాత్రం "నీటి చక్రం" అని గూగుల్ బొమ్మ.

ఇక మా దిల్‌సుఖ్‌నగర్ కోచింగుల సంగతి. ఒకప్పుడు సి, జావా బోర్డులుండేవి. ఇప్పుడు మెట్రో పిల్లర్లు మొదలు మేడమెట్ల దాకా ఐఈఎల్‌టీఎస్ కాగితాలే. ఆ పరీక్ష అకడమిక్ రైటింగ్‌లో మొదటి ప్రశ్న చక్కటి ప్రశ్న. ఒక గ్రాఫో పట్టికో ఇచ్చి, 20 నిమిషాల్లో కనీసం 150 మాటల్లో అందులో ముఖ్యమైన సంగతి ఏమిటో చెప్పు, పోల్చి చెప్పు అంటారు. మన ఇంటర్ ఇంగ్లీషులోనూ చార్టు ఇచ్చి పేరా రాయమనే ప్రశ్న ఉంది. భాష నేర్పడానికి బొమ్మను ఇంతకంటే బాగా వాడలేం. చూడాలి, ఏరాలి, తూకం వేయాలి, సొంతంగా వాక్యం కట్టాలి. మరి మనవాళ్లేం చేశారు? ప్రశ్నకు అచ్చు పోశారు. మా కింది పోర్షన్ కుర్రాడి నోట్సు చూశాను. మొదటి రెండు వాక్యాలు సిద్ధంగా రాసి ఉన్నాయి, మధ్యలో ఖాళీలు. గ్రాఫు గోధుమలదైనా గొర్రెలదైనా అవే వాక్యాలు, అంకెలు మారితే చాలు. "ఇది పెరిగింది, అది తగ్గింది. ఎందుకు చెప్పుకోదగ్గ సంగతైంది?" అని తెలుగులోనే అడిగాను. "అది అడగరు అంకుల్" అన్నాడు.

వాడికే ఇంకో ప్రశ్న ఎదురైంది. వాళ్ల నానమ్మ రాయదుర్గం దగ్గర కూతురింటికి పోవాలి, మెట్రోలో పోతానంటోంది. వీడు ఫోన్లో రూట్ మ్యాప్ తీసి చూపించాడు. ఎర్రగీత, నీలిగీత, చుక్కలు, అన్నీ ఉన్నాయి. ఆమె అద్దాలు సవరించుకుని, "ఫోన్ చూపెట్టకు బిడ్డా, నోటితోని చెప్పు" అంది. వాడు తడుముకున్నాడు. "ఎల్బీనగర్‌లో ఎక్కి... రెడ్ లైన్... ఇంటర్‌చేంజ్..." ఆమె నా వైపు తిరిగింది. ఎల్బీనగర్‌లో మియాపూర్ పోయే బండి ఎక్కాలి, అమీర్‌పేటలో దిగాలి, అక్కడ్నే బండి మారి రాయదుర్గం దాకా పోవాలి, అదే ఆఖరి స్టేషను, కాబట్టి నిద్రపట్టినా భయం లేదు అని చెప్పాను. ఆమెకు ఆ ఆఖరి ముక్కే కావాల్సింది. మ్యాపులో ఆఖరి చుక్క ఉంటుంది గానీ ధైర్యం చెప్పే వాక్యం ఉండదు. అది చెప్పేవాడే కట్టాలి.

న్యాయంగా ఉండాలి గనక ఒక మాట ఒప్పుకుంటాను. ఇప్పటి క్లాసు మా క్లాసు కాదు. ఈ చుట్టుపక్కల బడుల్లో ఒడిశా, బిహార్ నుంచి పనికొచ్చినవాళ్ల పిల్లలున్నారు. 2018లో తెలుగును అన్ని బడుల్లో తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చాక, ఇంట్లో తెలుగు వినని పిల్లలు కూడా అక్షరాలు దిద్దుతున్నారు. వాళ్లకు "వచ్చాడు, వచ్చింది, వచ్చారు" అని బొమ్మలతో వరసగా పేర్చి చూపిస్తే కాలు మోపడానికి చోటు దొరుకుతుంది. దాన్ని కాదనను. గోడకు పెట్టిన పెద్ద డిజిటల్ ప్యానెల్ మీద ఒక మాటను వేలితో పక్కకు జరిపితే వాక్యం మారిపోవడం నేనూ చూశాను, బాగానే ఉంది. మా నల్లబల్ల మీద అంత చటుక్కున మారేది కాదు. పొడి కూడా రాలేది, ఇంటికొస్తే ముక్కు తెల్లగా ఉండేది.

కానీ ఆ సౌకర్యమంతా దేనికి ఖర్చవుతోంది? తల్లి రాత్రి పదకొండింటిదాకా కూర్చుని కాన్వా యాప్‌లో గడులు జరపడానికి. ఇప్పుడు ఆ కష్టమూ లేదు, ఫోనుకు చెప్తే అదే గీసి పెడుతుంది. అందులో తెలుగు వత్తులు విరిగినా, "గుణసంధి" అని రాసి కింద సవర్ణదీర్ఘ సంధికి ఉదాహరణ ఇచ్చినా పట్టుకునేవాడు లేడు. పట్టుకోవాలంటే చదవాలి. పోస్టరును చదవరు, చూస్తారు. చూసి "సూపర్" అంటారు.

అందుచేత నేనిప్పుడు సార్లకూ టీచరమ్మలకూ చెప్పేదొకటే. ఇన్ఫోగ్రాఫిక్ ఇంటికి పంపకండి, క్లాసులోనే గీయించండి. రంగులు రెండు చాలు. వంకరగా వస్తే రానివ్వండి. మీరు తెచ్చిన బొమ్మే పెట్టాలనుకుంటే అందులోంచి సగం మాటలు చెరిపి తెండి, ఆ సగం పిల్లల దగ్గర్నుంచి రాబట్టండి. గీసినవాణ్ణి కాగితం బోర్లించి చెప్పమనండి. వినేవాణ్ణి ఆ చెప్పింది విని మళ్లీ గీయమనండి. రెండు బొమ్మలూ పక్కపక్కన పెడితే ఎక్కడ మాట జారిందో ఎవరూ చెప్పక్కర్లేదు. దీనికి కలర్ ప్రింటు అక్కర్లేదు, పాత క్యాలెండర్ వెనకవైపు చాలు.

ఇన్ఫోగ్రాఫిక్ పోటీలకు మళ్లీ ఎవరైనా జడ్జీగా పిలిస్తే ఇదే చెప్తాను, ముందే చెప్తాను. పోస్టరుకు నేను మార్కులు వెయ్యను. పోస్టరు బోర్లించాక పిల్ల ఏం మాట్లాడిందో దానికే వేస్తాను. ఈ షరతుకు ఒప్పుకునే బడి ఈ దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ మధ్య ఉంటే కబురు చెయ్యండి. శాలువా అక్కర్లేదు, ఇంట్లో బీరువా నిండా అవే ఉన్నాయి.